నడుస్తాయి సరే, ఆగుతాయా? దూర ప్రయాణానికి ముందు అరిగిన టైర్ల లెక్క

శ్రావణమాసం. విశాఖపట్నంలో దగ్గరి బంధువుల ఇంట పెళ్ళి. హైదరాబాద్‌లో ఉండే ఒక కుటుంబం కారులో వెళ్ళాలని నిర్ణయించుకుంది అనుకుందాం. చిన్న కారు, అందులో ఐదుగురు, వెనక డిక్కీ నిండా సామాను. పోనూ రానూ కలిపి సుమారు 1,250 కిలోమీటర్లు. బయలుదేరడానికి రెండు వారాల ముందు గాలి కొట్టించడానికి వెళ్తే టైర్ల షాపతను వంగి చూసి ఇలా అన్నాడు: "గ్రిప్ బాగా తగ్గింది సార్. అయినా ఇంకో ఐదు వేల కిలోమీటర్లు నడుస్తాయి, ఢోకా లేదు."

నాలుగు టైర్లూ మారిస్తే 20,000 రూపాయల దాకా అవుతుంది. పెళ్ళి ఖర్చుల మధ్య ఆ మొత్తం చిన్నదేమీ కాదు. "వెళ్ళొచ్చాక మారుద్దాంలే" అన్నాడు కారు నడిపే ఆయన. పక్కన కూర్చున్న భార్య అడిగింది: "నడుస్తాయి సరే, వానలో ఆగుతాయా?"

షాపతను చెప్పింది తప్పు కాదు. ఆమె అడిగినదీ తప్పు కాదు. ఎందుకంటే అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. టైరు ఎంత దూరం నడుస్తుందన్నది అరుగుదల లెక్క. తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందన్నది ఘర్షణ లెక్క. దూర ప్రయాణానికి ముందు చాలామంది మొదటి లెక్క వేసుకుని నిశ్చింతగా బయలుదేరతారు. ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం రెండోది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు, ఈ రెండు లెక్కలూ ఎవరైనా వేసుకోవచ్చు.

పొడి రోడ్డు మీద తేడా తెలియదు

టైరు ఉపరితలం మీద కనిపించే గాడులు పట్టు కోసమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి పొడి రోడ్డు మీద గాడులతో పెద్దగా పనిలేదు. రేసు కార్లకు ఎండలో వాడే టైర్లు అద్దంలా నున్నగా ఉంటాయి. వాన మొదలైతేనే వాటిని తీసి గాడులున్న టైర్లు బిగిస్తారు.

దీనికి కారణం రబ్బరు స్వభావం. ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని బడిలో నేర్చుకున్నాం. చెక్క దిమ్మెలకు, ఇనుప దిమ్మెలకు అది చాలావరకు సరిపోతుంది. రబ్బరు సంగతి వేరు. అది రోడ్డు మీది చిన్న చిన్న గరుకు గుట్టల చుట్టూ సాగి, వాటి మధ్య ఖాళీల్లోకి దిగి పట్టుకుంటుంది. జారేటప్పుడు ప్రతి గుట్ట దగ్గరా నొక్కుకుపోయి, మళ్ళీ పూర్వరూపానికి రావడానికి కొంత ఆలస్యం చేస్తుంది. ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. రబ్బరు పట్టులో పెద్ద భాగం ఈ అతుకుడు నుంచి, ఈ శక్తి నష్టం నుంచి వస్తుంది. రోడ్డుకు ఎంత ఎక్కువ రబ్బరు ఆనితే అంత మంచిది. గాడులు అరిగితే రోడ్డుకు ఆనే రబ్బరు తగ్గదు.

అందుకే అరిగిన టైర్లు డ్రైవరుకు ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వవు. నెలల తరబడి ఎండలో ఆఫీసుకు వెళ్ళొచ్చే మనిషికి బ్రేకులు ఎప్పటిలాగే పడుతున్నాయనిపిస్తుంది. అనిపించడమేమిటి, నిజంగానే పడుతున్నాయి. తేడా బయటపడేది మొదటి పెద్ద వానలో, అదీ వేగంగా వెళ్తున్నప్పుడు.

ఇంట్లో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. అడుగు నున్నగా అరిగిపోయిన హవాయి చెప్పులతో పొడి గచ్చు మీద ఎంతసేపు తిరిగినా ఏమీ కాదు. అవే చెప్పులతో తడిసిన స్నానాల గది గచ్చు మీద అడుగు పెడితే జర్రున జారుతుంది. చెప్పు మారలేదు, గచ్చు మారలేదు. మధ్యలోకి నీరు వచ్చింది, అది పోవడానికి దారి లేదు.

టైరు కింద 4 మిల్లీసెకన్లు

కారు బరువు మొత్తం నేలను తాకే చోటు ఎంత ఉంటుంది? మనుషులతో కలిపి 1,200 కిలోల కారు అనుకుంటే ఒక్కో చక్రం మీద సగటున 300 కిలోల భారం పడుతుంది. బలంగా చెబితే సుమారు 2,940 న్యూటన్లు. టైరులో గాలి పీడనం 32 పీఎస్‌ఐ, అంటే దాదాపు 220 కిలోపాస్కల్స్. బలాన్ని పీడనంతో భాగిస్తే వైశాల్యం వస్తుంది: సుమారు 134 చదరపు సెంటీమీటర్లు. అంటే 15 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు ఉన్న ముక్క. వేళ్ళతో కలిపి ఒక అరచేయి అంత. నాలుగు చక్రాలవీ కలిపినా ఒక ఎ4 కాగితం కన్నా తక్కువే. ఐదుగురి ప్రాణాలు ఆ కాగితమంత చోటు మీద ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు రోడ్డు మీద 2 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉందనుకుందాం. గట్టి వానలో, చక్రాల రాపిడికి కాస్త పల్లమైన చోట ఇది మామూలే. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22.2 మీటర్లు. 15 సెం.మీ. వెడల్పున, 2 మి.మీ. లోతున ఉన్న నీటిని టైరు దాటుకుంటూ పోవాలి. మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 6.7 లీటర్లు. ఇళ్ళకు వేసే 20 లీటర్ల నీళ్ళ క్యాను మూడు సెకన్లకొకటి చొప్పున ఒక్క టైరు ముందు కుమ్మరించినట్లు.

ఈ నీటిని తోసేయడానికి ఉన్న సమయం ఎంత? రోడ్డు మీద ఒక బిందువు పైనుంచి 9 సెం.మీ. పొడవున్న ఆ ముక్క దాటిపోవడానికి పట్టేది 4 మిల్లీసెకన్లు. కనురెప్ప వేసేలోపు ఇలాంటివి పాతిక పైగా జరిగిపోతాయి.

ఆ కొద్ది సమయంలో నీరు పోవడానికి రెండే మార్గాలు. పక్కలకు చిమ్మాలి, లేదా గాడుల్లోకి చేరాలి. టైరు ఉపరితలంలో గాడుల వాటా 30 శాతం అనుకుని లెక్క వేద్దాం. 134 చదరపు సెంటీమీటర్ల ముక్క కింద 2 మి.మీ. లోతున ఉన్న నీరు దాదాపు 27 మిల్లీలీటర్లు. కొత్త టైరులో గాడి లోతు 7.5 మి.మీ. ఉంటే ఆ గాడుల్లో సుమారు 30 మి.లీ. పడుతుంది. అంటే మొత్తం నీటికి అక్కడే చోటుంది. గాడి లోతు 2.3 మి.మీ.కి దిగితే పట్టేది 9 మి.లీ. మాత్రమే. 1.6 మి.మీ. దగ్గర ఆరున్నర మి.లీ. మిగిలిన నీరంతా ఆ 4 మిల్లీసెకన్లలో పక్కలకు పోవాలి. పోలేకపోతే రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఉండిపోతుంది.

ఇది బాగా సరళీకరించిన లెక్కే. నిజం టైరులో కొంత నీరు ముందుకు చిమ్ముతుంది, గాడుల వంపులు, సన్నని చీలికలు కూడా పనిచేస్తాయి. అయినా అసలు విషయం మారదు: గాడి లోతు సగమైతే నీటికి దొరికే చోటు సగమవుతుంది.

నీటి మీద తేలే కారు

తడి రోడ్డు మీద దొర్లే టైరు కింద మూడు మండలాలుంటాయి. ముందు భాగంలో నీటి పొర మందంగా ఉంటుంది, అక్కడ పట్టు లేదు. మధ్యలో పొర పలచబడి రోడ్డు గరుకు మొనలు అక్కడక్కడా రబ్బరును తాకుతాయి. వెనక భాగంలో నీరు పూర్తిగా తొలగి రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. బ్రేకు, స్టీరింగ్ పనిచేసేది ముఖ్యంగా ఈ చివరి మండలం బలం మీదే. వేగం పెరిగేకొద్దీ మొదటి మండలం వెనక్కి పాకుతుంది. చివరి మండలం కుంచించుకుపోతుంది. అది పూర్తిగా మాయమైన క్షణాన కారు రోడ్డు మీద కాదు, నీటి మీద ఉంటుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు.

ఏ వేగం దగ్గర అలా జరుగుతుంది? ఎదురొచ్చే నీరు టైరు మీద చూపే పీడనం నీటి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. గంటకు 60 కి.మీ. దగ్గర అది సుమారు 20 పీఎస్‌ఐ, 80 దగ్గర 36, 100 దగ్గర 56. టైరును నేలకు అదిమి ఉంచే పీడనం 32. వేగం 60 నుంచి 80కి పెంచితే డ్రైవరుకు పెద్ద తేడా అనిపించదు, కానీ నీటి పీడనం దాదాపు రెట్టింపవుతుంది.

ఈ పీడనమంతా టైరును పైకి లేపడానికే ఖర్చు కాదు కాబట్టి వాస్తవంలో పూర్తిగా తేలే వేగం కొంచెం ఎక్కువ ఉంటుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హార్న్, ఆయన సహచరులు 1960లలో విమానాల టైర్లపై పరీక్షలు చేసి ఒక సూత్రాన్ని ఇచ్చారు. టైరులోని గాలి పీడనాన్ని పీఎస్‌ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 16.65తో గుణిస్తే తేలే వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 32 పీఎస్‌ఐకి ఇది సుమారు 94. గాలి తగ్గి 25 పీఎస్‌ఐకి దిగితే 83.

ఈ సూత్రంలో గాడి లోతు ఎక్కడా లేదు. అది మరచిపోవడం వల్ల కాదు. గాడులు నీటిని మింగలేని పరిస్థితికే, అంటే నున్నటి టైరుకు గానీ, గాడుల లోతును మించి నీరున్నప్పుడు గానీ ఇది వర్తిస్తుంది. టైరు అరగడమంటే ఈ సూత్రం చేతిలోకి వెళ్ళిపోవడమే. 7.5 మి.మీ. గాడి ఉన్న కారుకు అటువంటి నీరు ఎప్పుడో గాని తగలదు. 2 మి.మీ. గాడి ఉన్న కారుకు మామూలు వానలోనే తగులుతుంది. పైగా పూర్తిగా తేలడానికి చాలా ముందే, ఇంకా తక్కువ వేగాల్లోనే, పట్టు కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది.

బ్రేకు వేశాక

పట్టు తగ్గితే ఏమవుతుందో చెప్పే లెక్క పాఠ్యపుస్తకంలోదే. ఆగే దూరం అంటే వేగం వర్గాన్ని, ఘర్షణ గుణకానికీ గురుత్వ త్వరణానికీ గల లబ్ధానికి రెట్టింపుతో భాగించడం.

గంటకు 80 కి.మీ. వేగంతో రెండు కార్లు పక్కపక్కన వెళ్తున్నాయనుకుందాం. వాన పడుతోంది. ఒకదాని టైర్లు మంచివి, తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.5. రెండోదాని టైర్లు అరిగినవి, గుణకం 0.3. ఇవి ఉదాహరణకు తీసుకున్న విలువలు. రోడ్డును బట్టి, నీటి లోతును బట్టి మారతాయి. ఎదురుగా అకస్మాత్తుగా గేదెల మంద రోడ్డెక్కింది. ఇద్దరూ ఒకేచోట బ్రేకు నొక్కారు. మొదటి కారు 50 మీటర్లలో ఆగింది. రెండోది ఆగడానికి 84 మీటర్లు పట్టింది.

34 మీటర్ల తేడా అంటే తేలికగా అనిపించవచ్చు. ఇదే లెక్కను మరోలా చూస్తే దాని అర్థం తెలుస్తుంది. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండోదాని వేగం ఎంత? సమీకరణం వేస్తే గంటకు సుమారు 50 కిలోమీటర్లు వస్తుంది. మొదటి కారులోని వాళ్ళు ఊపిరి పీల్చుకునే చోట, రెండో కారు గంటకు 50 కి.మీ. వేగంతో గుద్దుకుంటుంది. ప్రమాదం తప్పడానికీ ఆసుపత్రి పాలవడానికీ మధ్య ఉన్న దూరం అది.

ఇక్కడ ఏబీఎస్ ఆదుకుంటుందని అనుకోవడానికి లేదు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసి, ఉన్న పట్టును పూర్తిగా వాడుకునేలా చేయడమే ఏబీఎస్ పని. లేని పట్టును అది తెచ్చిపెట్టలేదు.

20,000 రూపాయలా, 525 రూపాయలా?

ఇక డబ్బు సంగతి. పెళ్ళికి వెళ్ళే కుటుంబం టైర్లు కొత్తగా ఉన్నప్పుడు గాడి 7.5 మి.మీ. ఇప్పటికి 42,000 కి.మీ. తిరిగి 2.3 మి.మీ. మిగిలింది. అరిగింది 5.2 మి.మీ. అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకు సుమారు 0.12 మి.మీ. చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. అక్కడికి చేరడానికి మిగిలిన 0.7 మి.మీ. అరగాలంటే 5,600 కి.మీ. పైగా పడుతుంది. షాపతను కంటితో వేసిన అంచనా సరిగ్గానే ఉంది.

1,250 కిలోమీటర్ల ప్రయాణంలో అరిగేది 0.15 మి.మీ. కాస్త పైన. ప్రయాణం టైర్లను అరగదీసి పాడుచేస్తుందన్న భయం అక్కర్లేదు. అరుగుదల అసలు సమస్యే కాదు.

మరి ఖర్చు? ప్రయాణానికి ముందు మారిస్తే 20,000 ఖర్చవుతుందని, వెళ్ళొచ్చాక మారిస్తే అంతా మిగులుతుందని మనసుకు అనిపిస్తుంది. కానీ వెళ్ళొచ్చాకయినా ఆ 20,000 పెట్టాల్సిందే. తేడా కేవలం ముందు మార్చడం వల్ల వాడకుండా పారేసే రబ్బరు విలువ. నాలుగు టైర్లలో ఉపయోగపడే లోతు 7.5 నుంచి 1.6 దాకా, అంటే 5.9 మి.మీ. 20,000ను దాంతో భాగిస్తే మిల్లీమీటరుకు సుమారు 3,390 రూపాయలు. ఈ ప్రయాణంలో అరిగే 0.155 మి.మీ. విలువ 525 రూపాయలు. చట్టం ఒప్పుకున్న చివరి గీత దాకా వాడుకునే హక్కును పూర్తిగా వదులుకున్నా పోయేది 2,400 రూపాయల లోపే.

అంటే ఆ కుటుంబం ముందున్న అసలు బేరం ఇది: వానాకాలంలో 1,250 కిలోమీటర్లు, ఐదుగురు మనుషులు, ఒక్క ప్రయాణానికి ఆదా అయ్యేది 525 రూపాయలు. దారిలో ఒక పూట అందరి టిఫిన్ల ఖర్చు. చేతిలో డబ్బు లేక వాయిదా వేయడం వేరు, అది నిజమైన ఇబ్బంది. దానికి మార్గాలు కింద ఉన్నాయి. కానీ ఆదా అవుతుందనుకుని వాయిదా వేయడంలో లెక్క లేదు.

ఇంట్లోనే కొలవడం ఎలా

కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ.కి తగ్గకూడదు. దీన్ని గుర్తుపట్టడానికి టైరు ప్రధాన గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు పోసి ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మి.మీ. ఉపరితలం అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. దిమ్మెలు ఎక్కడున్నాయో చూపడానికి టైరు పక్క గోడ మీద చిన్న త్రిభుజం గానీ ఇతర గుర్తు గానీ ఉంటుంది.

అయితే 1.6 అనేది చట్టం గీసిన చివరి గీత. అక్కడిదాకా పట్టు పూర్తిగా ఉండి ఆ తర్వాత హఠాత్తుగా పోదు. పట్టు ముందు నుంచే క్రమంగా తగ్గుతూ వస్తుంది. తడి రోడ్ల మీద తిరిగేవారు 3 మి.మీ. దగ్గరే మార్చుకోవడం మంచిదని టైరు నిపుణులు చెప్పేది అందుకే.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్ ఉంటే దాని చివర బయటికి వచ్చే సన్నని కడ్డీని గాడిలోకి దించి చూడవచ్చు. బడి ప్రయోగశాలలో గాజు పాత్ర లోతు కొలిచినట్టే. అది లేకపోతే అగ్గిపుల్లను మందు లేని వైపు నుంచి గాడిలో నిటారుగా పెట్టి, రబ్బరు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి, స్కేలుతో కొలవాలి. అడుగున ఉన్న దిమ్మె మీద పుల్ల ఆనకుండా చూసుకోవాలి.

ఒక్కచోట కొలిస్తే చాలదు. ప్రతి టైరుకూ లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలవాలి. చక్రాన్ని కొంచెం తిప్పి మూడు చోట్ల ఇలాగే చేస్తే తొమ్మిది కొలతలు వస్తాయి. వాటి సగటు తీసుకోకూడదు, అన్నిటికన్నా తక్కువ ఉన్నదాన్నే తీసుకోవాలి. సగటున 3 మి.మీ. ఉన్న టైరు లోపలి అంచున 1 మి.మీ.కి దిగి ఉండవచ్చు. నిలబడి చూస్తే లోపలి అంచు కనిపించదు కూడా.

ఈ కొలతలు మరో సంగతి చెబుతాయి. మధ్యలో ఎక్కువ అరిగితే చాలాకాలంగా గాలి ఎక్కువగా పెడుతున్నారని అర్థం. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క వైపే అరిగితే వీల్ అలైన్‌మెంట్ తప్పింది. అలలు అలలుగా గుంటలు పడితే బ్యాలెన్సింగ్‌లోనో, సస్పెన్షన్‌లోనో లోపముంది. కారణం సరిచేయకుండా టైర్లు మాత్రం మారిస్తే కొత్తవీ అదే దారి పడతాయి.

గాడి లోతు చెప్పని సంగతులు

గాడి బాగా ఉన్నా మార్చాల్సిన టైర్లు ఉంటాయి. ఎక్కువగా ఇంటి ముందే నిలబడి ఉండే కార్ల టైర్లు అరగవు, కానీ ముసలివవుతాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరు అణువుల గొలుసులతో చర్య జరుపుతాయి. ఎండ ఆ చర్యను వేగవంతం చేస్తుంది. రబ్బరు బిరుసెక్కి, పక్క గోడల మీద సన్నని పగుళ్ళు వస్తాయి. బిరుసెక్కిన రబ్బరు రోడ్డు గరుకులోకి దిగలేదు. టైరు వయసు దాని పక్క గోడ మీదే రాసి ఉంటుంది. పొడవైన కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటితే ఏటా నిపుణులకు చూపించుకోవాలని, పదేళ్ళు నిండితే గాడి ఎంత ఉన్నా తీసేయాలని టైర్ల తయారీదారులు సూచిస్తారు.

పక్క గోడ మీద బుడిపెలా ఉబ్బు కనిపిస్తే ఇక లెక్కలతో పనిలేదు. గుంతలో గట్టిగా పడినప్పుడు లోపలి నూలు పొరలు తెగి, గాలి రబ్బరును బయటికి నెడుతోందన్నమాట. ఆ టైరుతో హైవే ఎక్కకూడదు. దారాలు, తీగలు బయటపడిన కోతలకూ ఇదే మాట.

మూడోది గాలి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది. నలిగినప్పుడల్లా కొంత శక్తి రబ్బరులో వేడిగా మిగులుతుంది. గంటల తరబడి, నిండు బరువుతో, వేగంగా వెళ్తే ఆ వేడి పేరుకుని పొరల మధ్య అతుకు బలహీనపడుతుంది. హైవేల మీద టైరు పేలడం వెనక తరచుగా ఉండే కారణం ఇదే. నిండుగా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాలో డ్రైవరు వైపు తలుపు చట్రం దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. ఖాళీ కారుకిచ్చే అంకె వేరు, నిండు కారుకిచ్చే అంకె వేరు.

గాలి చూడాల్సింది టైర్లు చల్లగా ఉన్నప్పుడే. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర 33 పీఎస్‌ఐ ఉన్న టైరు రోడ్డెక్కి 57 డిగ్రీలకు వేడెక్కితే పీడనం ఎంతవుతుంది? వాతావరణ పీడనం 14.7 కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చి వాయు నియమం వేస్తే దాదాపు 38 పీఎస్‌ఐ వస్తుంది. దారిలో ఇది చూసి గాలి ఎక్కువైందని తీయించేస్తే, చల్లారాక టైరు కావలసినదానికన్నా దిగిపోతుంది.

మార్చాలనుకుంటే

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మార్చడం మంచిది కాదు. కొత్త టైరు ఉపరితలం మీద అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి వాడిన పదార్థపు పొర ఉంటుంది. అది పోయి టైరు కుదురుకోవడానికి మొదటి 200 కి.మీ. నెమ్మదిగా నడపాలి. వారం పది రోజుల ముందు మారిస్తే ఊళ్ళో తిరుగుళ్ళలోనే ఆ పని అయిపోతుంది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అప్పుడే చేయించుకోవాలి. కొంత దూరం తిరిగాక చక్రాల నట్ల బిగుతు మరోసారి చూపించుకోవాలి.

కొనేటప్పుడు కొలతతోపాటు భారం, వేగం గుర్తులు చూడాలి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే ఒక్కో టైరు 560 కిలోలు, గంటకు 210 కి.మీ. దాకా తట్టుకుంటుందని అర్థం. కారు కంపెనీ చెప్పినదానికన్నా తక్కువది తీసుకోకూడదు. తయారీ వారం కూడా చూసుకోవాలి. టైర్లకు తడి రోడ్డు మీద పట్టు, దొర్లుడు నిరోధం, శబ్దం విషయంలో ప్రమాణాలను విధిస్తూ కేంద్ర రహదారి రవాణా శాఖ 2022లో ఏఐఎస్-142ను నోటిఫై చేసింది.

నాలుగింటికీ డబ్బు లేకపోతే రెండే మార్చవచ్చు. కొత్తవి ముందుకా, వెనక్కా? ముందు చక్రాలే కదా కారును లాగేది అని చాలామంది ముందు వేయిస్తారు. టైరు నిపుణులు వెనక వేయమంటారు. తడి మలుపులో ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోవాలని చూస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రాలు ముందుగా జారితే కారు తోక తిరిగి గిరగిరా తిరుగుతుంది, దాన్ని మామూలు డ్రైవరు ఆపడం కష్టం. అయితే ముందుకు తెచ్చే పాత టైర్లు కూడా రోడ్డెక్కదగ్గ స్థితిలో ఉండాలి. స్టెప్నీ గాలి, వయసు చూడటం మరచిపోకూడదు.

మార్చడం కుదరకపోతే

గాడి 1.6 కన్నా తక్కువున్నా, ఉబ్బు ఉన్నా, తీగలు కనిపించినా ఆ కారు కదలకూడదు. రైలో బస్సో ఎక్కడమే మేలు. 1.6కీ 3కీ మధ్య ఉండి మార్చే వీలు లేకపోతే చేతిలో మిగిలిన ఆయుధం వేగం. ఆగే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తగ్గించినప్పుడు లాభమూ అంతే ఎక్కువ. అరిగిన టైర్లతో గంటకు 60 కి.మీ. వేగంలో ఆగడానికి పట్టేది 47 మీటర్లు. మంచి టైర్ల కారు 80 దగ్గర ఆగే దూరం కన్నా కొంచెం తక్కువే. వాన పడుతున్నంతసేపు 60 దాటకుండా, ముందు వాహనానికి మామూలు కన్నా రెట్టింపు దూరం ఉంచి వెళ్ళాలి. రాత్రిపూట నీరు నిలిచిన చోట్లు కనిపించవు కాబట్టి పగలే ప్రయాణం పెట్టుకోవాలి. వాన మరీ జోరైతే సురక్షితమైన చోట ఆగిపోవాలి.

కారు తేలుతున్నట్టు, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైనట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోవాలి. గట్టిగా బ్రేకు నొక్కినా, చక్రం తిప్పినా, టైర్లు మళ్ళీ రోడ్డు పట్టుకున్న క్షణాన కారు ఏదో ఒక పక్కకు విసిరినట్టు పోతుంది.

మళ్ళీ ఆ కుటుంబం దగ్గరికి వద్దాం. 2.3 మి.మీ. గాడి చట్టప్రకారం చెల్లుతుంది. షాపతను చెప్పినట్టు నడుస్తుంది కూడా. వేసవిలో, ఊళ్ళో తిరగడానికైతే ఇంకొన్ని నెలలు వాడుకున్నా పెద్దగా తప్పులేదు. కానీ శ్రావణమాసంలో, నిండు బరువుతో, 1,250 కిలోమీటర్ల హైవే ప్రయాణానికి మార్చడమే సరైన నిర్ణయం. ఎందుకంటే వాయిదా వేస్తే మిగిలేది 525 రూపాయలు. మారిస్తే మిగిలేది, గేదెల మంద రోడ్డెక్కిన రోజున, ఆ 34 మీటర్లు.